వెనుక బెంచీ బిడ్డ కూడా మన అమానతే

నాగోల్ నుంచి ఎల్బీనగర్ మీదుగా దిల్‌సుఖ్‌నగర్ చేరేలోగా జూనియర్ కళాశాలల ర్యాంకుల ఫ్లెక్సీలు ఎన్నో కనిపిస్తాయి. వాటికెక్కని పిల్లల్లో తెలివి ఉండీ చదవడంలో, రాయడంలో తడబడేవారు ఉన్నారు. విన్న పాఠాన్ని చక్కగా వివరించగల బిడ్డ దానినే పుస్తకంలో చదవలేకపోవచ్చు. ఇది డిస్లెక్సియా కావచ్చు. ఇది బద్ధకం కాదు, బుద్ధిమాంద్యం అంతకన్నా కాదు.

మన ఇళ్లలో ఈ సమస్య మరింత మరుగున పడుతోంది. ఉర్దూ, అరబీ కుడి నుంచి ఎడమకు. తెలుగు, హిందీ, ఇంగ్లీషు ఎడమ నుంచి కుడికి. ఇన్ని లిపుల నడుమ బిడ్డ తడబడితే ‘ఉర్దూ ఇంటి పిల్లవాడు, తెలుగు రాదు’ అని బడిలో తేల్చేస్తారు. ‘శ్రద్ధ లేదు’ అని ఇంట్లో మందలిస్తారు. కొత్త భాషతో వచ్చే ఇబ్బంది అభ్యాసంతో తగ్గుతుంది. ఇంటి భాషలోనూ చదవడం కష్టమవుతుంటే నిపుణులకు చూపించాలి. ఈ తేడా గుర్తించకపోతే ఇంటర్ పూర్తికాకముందే బిడ్డ మెకానిక్ షెడ్డుకు చేరుతాడు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి. దానిని వీలైనంత త్వరగా గుర్తించి తగిన బోధన అందించాలని 16వ సెక్షన్ చెబుతోంది. ప్రభుత్వ గుర్తింపు పొందిన ప్రైవేటు విద్యాసంస్థలూ దీని పరిధిలోనివే. పరీక్షల్లో అదనపు సమయం, రాత సహాయకుడు, రెండో మూడో భాషల మినహాయింపు వంటి సదుపాయాలను 17వ సెక్షన్ పేర్కొంది. ఇవి ఎవరి దయాదాక్షిణ్యాలూ కావు, హక్కులు.

రాష్ట్రంలోని 204 మైనారిటీ గురుకులాల్లో ప్రవేశ సమయంలోనే ఉర్దూ, తెలుగు రెండింటిలోనూ పరీక్షించే ఏర్పాటు, ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయుల నియామకం జరగాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం.

మన లోపాన్నీ ఒప్పుకోవాలి. ధ్రువపత్రం తీసుకుంటే బిడ్డకు మచ్చ పడుతుందని, రేపు సంబంధాలు రావని వెనుకాడుతున్నాం. నేర్చుకోవాలని వచ్చిన అంధుడు అబ్దుల్లా ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) సందర్భంలో ‘అబస’ సూరా అవతరించిందని మనకు తెలుసు. ఆ అంధుడినే దైవప్రవక్త (స) ముఅజ్జిన్‌గా నియమించారు. పెద్దలకన్నా జ్ఞానార్థి వైపు ముందు చూడాలన్న ఆ పాఠాన్ని ర్యాంకుల వెంట పరుగెత్తే మనం మరిచాం.

మస్జిద్ కమిటీలు ఈ విషయాన్ని జుమా ప్రసంగంలో చేర్చాలి. ఈసారి కళాశాలలో ఫీజు కట్టే ముందు తల్లిదండ్రులు ర్యాంకులతో పాటు మరొకటి కూడా అడగాలి: చదవడంలో తడబడే బిడ్డకు మీ దగ్గర ఏం ఏర్పాటుంది?