కూలి ఏ డబ్బుల్లో? ఎప్పుడు?

ఈ భాగంలో డబ్బు గురించి మాట్లాడుకుందాం.

1914లో యుద్ధం మొదలవగానే జర్మనీలో జనం వెండి నాణేలు దాచుకున్నారు. రాగి, నికెల్ యుద్ధానికి పోయాయి. కూలి ఇవ్వడానికి చిల్లర దొరకలేదు. అప్పుడు పురపాలక సంఘాలే ఇనుముతో, జింకుతో నాణేలు కొట్టించాయి, సొంత నోట్లు అచ్చేశాయి. వాటి పేరు ‘నోట్‌గెల్ట్’, అంటే అత్యవసరపు డబ్బు. 1923లో ధరలు గంటగంటకూ పెరుగుతుంటే అక్కడి కార్మికులు ఏ రోజు కూలి ఆ రోజే తీసుకుని అంగడికి పరిగెత్తారు.

నాణేలు సేకరించేవాళ్లకు ఇదొక వింత. మన ప్రశ్న వేరు. డబ్బు చచ్చిపోతే ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుంది?

అదే 1923లో బాబాసాహెబ్ పుస్తకం ‘ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రూపీ’ లండన్‌లో వెలువడింది. రూపాయి విలువ పడితే ధరలు ముందు పెరుగుతాయి, కూలి వెనకబడుతుంది, ఎగుమతి వ్యాపారి లాభం కూలివాళ్ల నష్టంలోంచే వస్తుందని ఆయన వాదించారు. డబ్బును ఇష్టమొచ్చినట్టు పెంచే అధికారం పాలకులకు ఉండకూడదన్నారు.

ఇక మన సీమ. 1876–78 ధాత కరువు తర్వాత చూస్తే కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగో వంతు తగ్గిపోయింది. ఆ కరువు పనుల్లో మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలని 1877లో రిచర్డ్ టెంపుల్ తేల్చాడు. పౌనంటే అరకిలో కూడా కాదు. కరువు లేని ఏడు కూడా మాల, మాదిగ వాడలకు దక్కింది గింజల కూలే. కొలిచే పాత్ర భూమి ఉన్నోడిది, అప్పు లెక్క రాసే చెయ్యీ వాడిదే. జర్మనీ నాణెం మీద కనీసం ఊరి ముద్ర ఉండేది, దాన్ని చూపించి అడిగే హక్కుండేది. మన కూలికి ఏ ముద్రా లేదు.

2016 నవంబర్ 8న దేశంలో చలామణిలో ఉన్న డబ్బులో 86 శాతం ఒక్క రాత్రిలో చెల్లకుండా పోయింది. ఖాతా ఉన్నోడు క్యూలో నిలబడి మార్చుకున్నాడు. ఆదోని, కోసిగి నుంచి సుగ్గికి పోయే కూలోళ్లు క్యూలో నిలబడితే ఆ రోజు కూలి పోయినట్టే.

2005 ఉపాధి హామీ చట్టం పదిహేను రోజుల్లో కూలి ఇవ్వాలని రాసింది. ఆలస్యమైన ప్రతి రోజూ కూలివాళ్లు ప్రభుత్వానికి వడ్డీ లేని అప్పు ఇచ్చినట్టే. కరువు సీమలో ఆ లోటు తీరేది నెలనెలా వడ్డీ కట్టే చేబదులుతోనే.

విద్యార్థి మిత్రులకు ఒక పని. మీ వాడలో పదిమందిని అడగండి: పని చేసిన తేదీ ఏది, కూలి చేతికొచ్చిన తేదీ ఏది, మధ్యలో ఎంత వడ్డీకి తెచ్చారు? రాసి తీసుకురండి. కలెక్టరేట్ ముందు మనం పెట్టే లెక్క అదే.