ఊళ్లు లేని జిల్లా

2025 డిసెంబరులో తెలంగాణలోని పల్లెలన్నీ సర్పంచ్ ఎన్నికల హడావుడిలో ఉంటే, మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఒక్క ఓటూ పడలేదు. వేయడానికి అక్కడ పంచాయతీయే మిగల్లేదు. 2024 సెప్టెంబరులో హైదరాబాద్ అవుటర్ రింగు రోడ్డు చుట్టుపక్కల 51 పంచాయతీలను మున్సిపాలిటీల్లో కలిపినప్పుడు శామీర్‌పేట తూంకుంటలోకి పోయింది. తర్వాత అలియాబాద్, మూడుచింతలపల్లి, ఎల్లంపేట కొత్త మున్సిపాలిటీలయ్యాయి. 2025 ముగిసేలోగా తూంకుంట, మేడ్చల్ రెండూ గ్రేటర్ హైదరాబాద్‌లో కలిశాయి.

కాగితాల మీద ఊరు పోయినచోటే ఊరి బతుకును అమ్ముతున్నారు. ఒకనాడు ద్రాక్ష పందిళ్లున్న నేలల్లో ఇప్పుడు ఇంగ్లిష్ పేర్ల వెంచర్లు, పల్లె ప్రశాంతత ఇస్తామనే బోర్డులు. కొనుక్కునేవాళ్లను నేను తప్పుపట్టను. నగరంలో ఊపిరాడక వస్తున్నారు.

అయితే ఊళ్లో ఉండటమంటే చెట్టునీడ ఒక్కటే కాదు, అడిగే హక్కు కూడా. చెరువు శిఖం భూమిలో ఎవరో మట్టి పోస్తున్నా, బొందలగడ్డకు దారి మూసుకుపోయినా గ్రామసభలో లేచి నిలదీయొచ్చు. 73వ రాజ్యాంగ సవరణ ప్రకారం ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ ఆ సభలో సభ్యులే. కూలికి పోయే ఆడమనిషికీ నలభై ఎకరాల ఆసామికీ అక్కడ ఒకటే హోదా. ఇప్పుడు ఆమెకు ఆ సభ లేదు. పల్లెలకే వర్తించే ఉపాధి హామీ పనీ లేదు. భూమి ఉన్నవాళ్లకు ఎకరం ధరన్నా పెరిగింది. గుంట నేల లేనివాళ్లకు ఈ విలీనం ఏమిచ్చింది?

అభివృద్ధికి పంచాయతీ అడ్డమనే వాదన నిలవదు. శామీర్‌పేటకు నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వచ్చినప్పుడు, 2008లో బిట్స్ పిలానీ క్యాంపస్ మొదలైనప్పుడు, జీనోమ్ వ్యాలీలో కోవాగ్జిన్ తయారైనప్పుడు ఈ చుట్టుపక్కల పంచాయతీలు బతికే ఉన్నాయి.

మన వెంచర్లు పేర్లు అరువు తెచ్చుకునే ఇంగ్లండ్‌నే చూడండి. 1894 నాటి చట్టం అక్కడి పల్లెలకు పారిష్ కౌన్సిళ్లను ఇచ్చింది. కౌన్సిల్ లేనంత చిన్న పారిష్‌లోనూ ఓటర్లంతా కూర్చుని మాట్లాడుకునే సమావేశానికి చట్టబద్ధత ఉంది. ఊళ్లో ఎవరైనా కట్టడానికి దరఖాస్తు పెడితే కౌన్సిల్ తన మాట చెప్పొచ్చు. అక్కడి పల్లెల పచ్చదనం వెనుక ఈ హక్కు ఉంది.

విలీనాన్ని రద్దు చేయమని నేనడగడం లేదు. మంచినీళ్లు, మురుగు కాల్వలు అందరికీ కావాలి. కలిపేసిన ప్రతి ఊరికీ దాని పేరుతోనే చట్టబద్ధమైన సభ ఇవ్వండి. చెరువు, శిఖం, శ్మశానం, బతుకమ్మ ఆడే జాగా... వీటిలో దేన్ని ముట్టుకోవాలన్నా ముందు ఆ సభ అనుమతి తీసుకోవాలి. పాత వాడకట్టుల వాళ్లతోపాటు విల్లాల్లోకి వచ్చినవాళ్లూ అందులో కూర్చోవాలి, ఆ చెరువు ఎండితే వాళ్ల బోర్లూ ఎండుతాయి కనుక. మొదటి సభ శామీర్‌పేట చెరువు కట్ట మీదే పెట్టి, చెరువు హద్దులు ఎక్కడెక్కడున్నాయో అధికారుల చేత అందరి ముందూ చదివించాలి.