కడలిబండలపై గాలపువేట

కాలు జారిన తీసికొనవచ్చును గాని నోరు జారిన తీసికొనలేమని మన పెద్దలు చెప్పుదురు. ఈ సామెత నేలపై నడచువారి విషయమున సత్యమే. కెరటములు కొట్టు బండపై గాలము పట్టి నిలిచినవానికి మాత్రము ఇది చెల్లదు. అచ్చట జారిన కాలును తీసికొనుటకు తఱచుగా వ్యవధి యుండదు. విశాఖపట్టణమునుండి భీమునిపట్టణము వఱకు తీరమున సంజవేళ నడచినవారికి ఈ దృశ్యము క్రొత్తది కాదు. ఇసుక ముగిసి రాళ్లు సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన తావుల వినోదార్థము గాలము వేయు పట్టణవాసులు కొందఱు, వారి వెనుక ఛాయాచిత్రముల కొఱకు నిలిచిన యువకులు కొందఱు కానవత్తురు. లైఫ్ జాకెట్టు ధరించినవాడు వారిలో అరుదు. ఎవడేని కొట్టుకొనిపోయిన మఱునాడు మనము "విధి" యని నిట్టూర్చి ఊరకుందుము. ఇది విధి కాదు, తెలియమియు ఏమఱుపాటును అని మా యభిప్రాయము.

సముద్రపు కెరటములన్నియు నొక్క యెత్తున రావు. పది సెకండుల కొకటి చొప్పున వచ్చినను గంటకు 360 కెరటములు బండను తాకును. అందు పెక్కింటికంటె ఇంచుమించు రెట్టింపు ఎత్తుగలది కొన్ని గంటల కొకటి రాక మానదు. ఇది వింత కాదు, సముద్రస్వభావమే. పావుగంట చూచి బండ పొడిగా నున్నదని దిగినవాడు ఆ పావుగంట చరిత్రను మాత్రమే యెఱుగును. ఇంతకంటె మోసకరమైనది మఱియొకటి కలదు. దక్షిణ హిందూమహాసముద్రమున చెలరేగిన తుపానుల పొంగు వేలకొలది కిలోమీటర్లు పయనించి, కొన్ని దినముల పిమ్మట, ఆకాశము నిర్మలముగా నున్నవేళ మన తీరములను తాకును. కేరళీయులు దీనిని "కళ్ళక్కడల్" అందురు. దొంగవలె వచ్చు కడలి యని దాని యర్థము. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ విశాఖను తాకినపుడు బండలపై గాలము వేయుట కెవడును తలపడడు. గాలి లేని ఆదివారమే ప్రాణములు తీయునది.

ఈ విషయమున ఆస్ట్రేలియా అనుభవము మనకు పాఠము కాదగినది. సిడ్నీ తీరమున ఇసుకరాతి బండలు అరుగులవలె చదునుగా నుండి, అంచున నొక్కసారిగా లోతునీటిలోనికి దిగును. చేపలు దొరకుటకు అనువైన చోటు గావున జనము మూగుదురు. ఏటేట మరణములు సంభవించుచు వచ్చినవి. ఈ మరణములపై విచారణ జరిపిన న్యాయాధికారి లైఫ్ జాకెట్టును నిర్బంధము చేయవలయునని 2015లో సిఫారసు చేసిరి. న్యూ సౌత్ వేల్స్ శాసనసభ 2016లో అందుకై చట్టము చేసెను. సిడ్నీలోని రాండ్విక్ పురపాలకసంఘపు తీరమున అది మొదట అమలైనది. కొంతకాలము బోధనతోను హెచ్చరికతోను సరిపెట్టి, 2018 నుండి 100 డాలర్ల జుల్మానా విధింపసాగిరి. తక్కిన పురపాలకసంఘములు తమ తీరపు అపాయమును బట్టి ఆ చట్టమును తెచ్చుకొనవచ్చును. ప్రమాదస్థలముల పెక్కింట బండలపైనే స్తంభములు నాటి నీట తేలు రక్షణవలయములను వ్రేలాడదీసినారు. అచ్చట మరణించినవారిలో విదేశములనుండి వచ్చి స్థిరపడినవారు పలువు రుండుట గమనింపదగినది. ఆస్ట్రేలియాలో 2021 జనాభా లెక్కల నాటికే ఇంట తెలుగు మాటాడువారు ఏబదివేలకు మించిరి. కావున ఇది పరాయివారి గొడవ కాదు.

చట్టమనగానే కొందఱు కనుబొమలు ముడుతురు. తన ప్రాణము తన యిష్టమందురు. కాని కొట్టుకొనిపోయిన వానిని చూచి స్నేహితుడు దూకును, అన్న దూకును; ఒక్క ప్రాణము పోవలసినచోట రెండు మూడు పోవును. వెదకుటకు జాలరులు తమ పడవలను ఆ రాళ్లనడుమకు త్రిప్పవలసివచ్చును. ఇంత బరువు పరులపై మోపు చర్యను కేవలము స్వేచ్ఛ యనజాలము. బీదవాడు జాకెట్టు కొనలేడనుట మాత్రము న్యాయమైన యాక్షేపణ. దానికి సమాధానము చట్టము మానుట కాదు, తీరముననే స్వల్పపు అద్దెకు జాకెట్టులు దొరకునట్లు చేయుట.

గాలము వేయువారికి మేము చెప్పునది కొద్ది. ఒంటరిగా పోకుడు. దిగుటకు ముందు అరగంటయైన సముద్రమును చూడుడు. తడిసి నల్లబడిన బండయు, పచ్చని పాచిపట్టిన బండయు కెరటము చేరు మేరను తెలుపును; ఆ మేర దాటకుడు. పోటు వేళను ముందుగా తెలిసికొనుడు. జారని చెప్పులును, తేలికబట్టలును, వానిపై జాకెట్టును ధరింపుడు. సముద్రమునకు వీపు త్రిప్పకుడు. తెగిన గాలము కొఱకు అంచునకు దిగకుడు. నీటబడినచో తిరిగి రాళ్లపై కెక్కజూచుట స్వభావసిద్ధము, కాని కెరటము మిమ్ము ఆ రాళ్లకే కొట్టును. రాళ్లకు దూరముగా ఈది, వెలికిల తేలి, సహాయమునకై చేయి యెత్తుడు. ఒడ్డున నున్నవాడు దూకరాదు. తేలు వస్తువును విసరి, 112కు ఫోను చేసి, పడినవానిపై చూపు నిలుపవలయును.

ఇక పాలకుల విధి. హైదరాబాదునందలి ఇన్‌కాయిస్ అను జాతీయ సముద్ర సమాచార కేంద్రము ఎత్తైన కెరటములను గూర్చి, దూరపు పొంగును గూర్చి ముందే హెచ్చరికలు వెలువరించుచున్నది. ఆ హెచ్చరిక బండయొద్ద నిలిచినవానికి తెలుగున చేరకున్న ప్రయోజనమేమి? విశాఖ నగరపాలకులు ప్రమాదపు బండలను గుర్తించి, నాటినాటి హెచ్చరికను పలకపై వ్రాయించి, రక్షణవలయములు నిలిపి, ఆ తావులకు మాత్రము జాకెట్టును నిర్బంధము చేయుదురు గాక. ఏ బండ యెప్పుడు మోసము చేయునో తరతరములుగా ఎఱిగిన జాలరిపేటల పెద్దలను ఈ కార్యమున సంప్రతింపవలయును. వ్యయము స్వల్పము.

అలలు ఆగిన పిమ్మట స్నానము చేసెదనన్నవాడు ఎన్నడును స్నానము చేయడు. మఱియొక ప్రాణము పోయిన పిమ్మట స్తంభము నాటెదమనువారును అట్టివారే.