అంగన్‌వాడీలో ఆట ఏమైంది?

అంగన్‌వాడీ కేంద్రాల గురించి మన సంఘాల్లో మాట్లాడుకున్నప్పుడల్లా చర్చ దాదాపు ఒకేచోట ఆగిపోతుంది. గుడ్లు వస్తున్నాయా, పప్పు ఎంత వస్తోంది, పాలు సక్రమంగా అందుతున్నాయా, కేంద్రం నడిచే ఇంటి కిరాయి ఎన్ని నెలలు బాకీ ఉంది - ఇవన్నీ అడగవలసిన ప్రశ్నలే. ఆకలితో ఉన్న బిడ్డ దగ్గర ముందు అన్నం గురించే మాట్లాడాలి. కాని పొద్దున పిల్లలు వచ్చిన దగ్గర్నుంచి అన్నం పెట్టే వేళ దాకా ఆ గదిలో మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలు ఏం చేస్తున్నారన్న ప్రశ్న మాత్రం మన నోట రావడం లేదు. పాత నల్లగొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాల్లో సంఘాల పనిమీద తిరుగుతూ నేను చూసిన కేంద్రాల్లో చాలాచోట్ల పిల్లలు చేతులు కట్టుకుని కూర్చుని ఒకరి వెనక ఒకరు అంకెలు వల్లె వేస్తుంటారు. లేదా టీచరు రిజిస్టర్లు రాసుకుంటుంటే ఆయమ్మ అదిలింపులకు భయపడి గోడకానుకుని కూర్చుంటారు. కొన్ని కేంద్రాల్లో ఆట బొమ్మలుంటాయి. అవి పాడవుతాయని బీరువాలో పెట్టి తాళం వేస్తారు!

ఇది చిన్న విషయం కాదని, మన హక్కుల చర్చలో దీనికి చోటుండాలని చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అసలు అంగన్ అంటే వాకిలి. తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్రలోని బోర్డీలో పల్లె పిల్లల కోసం పని మొదలుపెట్టారు. అనుతాయి వాఘ్ ఆమెకు తోడయ్యారు. బడి దాకా రాలేని పేద పిల్లల కోసం వాళ్ళ వాకిట్లోకే బడిని తీసుకుపోయిన స్త్రీలు వీళ్ళు. అక్కడ దొరికే గింజలు, ఆకులు, రాళ్ళే వాళ్ళ బోధన సామగ్రి. 1975 అక్టోబరు 2న ప్రభుత్వం ఐ.సి.డి.ఎస్. పథకాన్ని మొదలుపెట్టినప్పుడు అందులో ఆరు సేవలుంటాయని చెప్పింది. పౌష్టికాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆస్పత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య బోధన, ఆరోది పూర్వ ప్రాథమిక విద్య. ఈ ఆరోదాన్నే మనం మరిచిపోయాం.

ఆట అంటే పిల్లల్ని గదిలో వదిలేసి వాళ్ళేదో చేసుకుంటారులే అనుకోవడం కాదు. ఆలోచనను కదిలించే ఆట గురించి నేను చెబుతున్నాను. దానికి పైసా ఖర్చు లేదు. పిల్లల ముందు చింతగింజలు, సీతాఫలం గింజలు, కానుగ గింజలు కలిపి పోయండి. వేరు చేయమనండి. ఒక పిల్ల రంగును బట్టి వేరు చేస్తుంది. అప్పుడు "శభాష్" అని ఊరుకోకుండా "ఇంకో తీరుగా వేరు చేయొచ్చా?" అని అడగాలి. ఈసారి పెద్దవి ఒకపక్క, చిన్నవి ఒకపక్క పెడుతుంది. లేదా నున్నగా ఉన్నవి, గరుకుగా ఉన్నవి అని విడదీస్తుంది. ఒకే వస్తువును పలు విధాలుగా చూడొచ్చని ఆ పిల్లకు అక్కడే తెలుస్తుంది. (మూడేళ్ళ లోపు పిల్లల చేతికి మాత్రం చిన్న గింజలు ఇవ్వొద్దు. నోట్లో, ముక్కులో పెట్టుకుంటారు.)

బతుకమ్మ రోజుల్లో తంగేడు, గునుగు, బంతి పూలు వరసలుగా పేర్చి, "తర్వాత ఏ పువ్వు రావాలి? ఎట్లా తెలిసింది?" అని అడగండి. ఇది గణితానికి పునాది. మన తల్లులు, అమ్మమ్మలు పళ్ళెంలో ఏటేటా చేస్తున్న పని ఇదే. పొడుగు గ్లాసులో ఉన్న నీళ్ళను వెడల్పు గిన్నెలో పోసి, "నీళ్ళు తగ్గినయా, అన్నే ఉన్నయా?" అని అడిగితే నాలుగేళ్ళ పిల్లలు ఎక్కువమంది తగ్గాయనే అంటారు. పిల్లల ఆలోచన గురించి జీవితమంతా పరిశోధించిన పియాజే ఇటువంటి పరీక్షలే పెట్టాడు. జవాబు తప్పా ఒప్పా అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. "ఎందుకట్ల అనుకుంటున్నవ్?" అని అడగడం ముఖ్యం. అయిదు వస్తువులు గుడ్డకింద దాచి ఒకటి తీసేసి ఏది పోయిందో చెప్పమనడం, కథను మధ్యలో ఆపి తర్వాత ఏమవుతుందో ఊహించమనడం, ఏది నీళ్ళలో మునుగుతుంది, ఏది తేలుతుంది అని ముందే చెప్పించి తర్వాత వేసి చూడడం, ఒక్కో గుంటలో ఒక్కో గింజ వేస్తూ వామనగుంటలు ఆడించడం, పొడుపు కథలు విప్పించడం - ఇవన్నీ ఇటువంటివే. గుర్తులను బట్టి వస్తువును పట్టుకోవడమే కదా పొడుపు కథ అంటే! తర్కశాస్త్రం పేరు వినని మన అవ్వలు పిల్లలకు తర్కం నేర్పింది ఇట్లాగే.

ఈ ఆటల్లో టీచరు చేయవలసిన పని చూడడానికి తేలిక, చేయడానికి కష్టం. ఆమె జవాబు చెప్పకూడదు. ప్రశ్న వేసి ఆగాలి. పిల్ల తడుముకుంటుంటే ఓపిక పట్టాలి. తండాల్లో ఇది మరీ అవసరం. దేవరకొండ, అచ్చంపేట వైపు లంబాడీ పిల్లలు ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, కేంద్రంలో వినపడే భాష ఇంకొకటి. తెలుగులో జవాబు చెప్పలేని పిల్లను మనం తెలివి తక్కువ పిల్ల అనేస్తాం. అదే పిల్ల గింజల్ని చకచకా వేరు చేసి చూపిస్తుంది. ఎందుకలా చేసిందో తన భాషలో చెప్పనిస్తే ఇంకా బాగా చెబుతుంది.

ఆటకు ఇంత బలం ఉందా అని అనుమానించే వాళ్ళకు మన నల్లగొండ జిల్లాలోనే సాక్ష్యముంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఈ జిల్లాలో 60 పల్లెలను మూడు భాగాలుగా చేసి, 600 మంది తల్లీ బిడ్డలతో ఒక అధ్యయనం జరిపారు. ఒక భాగంలో మామూలు ఐ.సి.డి.ఎస్. సేవలే అందాయి. రెండో భాగంలో బిడ్డకు ఏం తినిపించాలో తల్లులకు నేర్పారు. మూడో భాగంలో తిండితో పాటు బిడ్డ సైగలు గమనించి తినిపించడం, బిడ్డతో మాట్లాడడం, ఆడడం కూడా నేర్పారు. 2013లో అచ్చయిన ఫలితాల ప్రకారం మానసిక వికాసంలో మూడో భాగం పిల్లలు మెరుగ్గా నిలిచారు. వీళ్ళు ఏడాది, ఏడాదింబావు వయసు బిడ్డలే. కాని తిండి ఒక్కటే చాలదన్న పాఠం అంగన్‌వాడీ వయసుకు కూడా వర్తిస్తుంది. దూరాన జమైకా దేశంలో, కింగ్‌స్టన్ పేదవాడల్లో 1980లలో ఎదుగుదల తగ్గిన 129 మంది పిల్లలను తీసుకుని, వాళ్ళలో కొందరి ఇళ్ళకు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళపాటు వారం వారం వెళ్ళి ఇంట్లో చేసిన బొమ్మలతో తల్లుల చేత ఆడించారు. ఇరవై ఏళ్ళ తర్వాత చూస్తే, ఆ పిల్లల సంపాదన ఆట అందని పిల్లల కంటే 25 శాతం ఎక్కువగా ఉంది.

మరి ఇందులో స్త్రీల సమస్య ఏముంది అంటారేమో. మహబూబ్‌నగర్‌తో సహా మన రెండు తెలుగు రాష్ట్రాల్లోని కొన్ని జిల్లాల పిల్లలను 2002 నుంచి అనుసరిస్తూ వచ్చిన యంగ్ లైవ్స్ అధ్యయనం ఒక నిజం బయటపెట్టింది. ఎనిమిదేళ్ళ వయసులో ప్రైవేటు బడికి వెళ్ళే పిల్లలు 2002లో 24 శాతం ఉంటే 2009 నాటికి 44 శాతమయ్యారు. అందులో మగపిల్లల కంటే ఆడపిల్లలు వెనకబడ్డారు. ఉన్న నాలుగు పైసలు కొడుకు ఫీజుకు పోతే కూతురికి సర్కారు కేంద్రమే దిక్కు. కాబట్టి అంగన్‌వాడీ గది నాసిరకంగా ఉంటే ముందు నష్టపోయేది దళితుల ఇళ్ళలో, తండాల్లో, చెంచు పెంటల్లో పుట్టిన ఆడపిల్ల. ఇంట్లో "ఎందుకు" అని అడిగితే "ఆడపిల్లవు, నోర్మూసుకో" అనిపించుకునే పిల్ల కూడా ఆమే. తమ్ముణ్ణి చంకనేసుకుని తిరగడంతో ఆట పోయింది. కాస్త పెద్దయితే పత్తి చేలోకి పోవాలి. గద్వాల ప్రాంతంలో పత్తి విత్తనాల చేలల్లో పూలు దాటించడానికి ఆడపిల్లల చిన్న వేళ్ళే అనువని చెప్పి పనికి పెట్టుకున్న చరిత్ర మనకు తెలిసిందే. ఆ వేళ్ళు గింజలతో ఆడుకోవలసిన వయసు, "ఎందుకు" అని అడగవలసిన వయసు ఆమెకు అంగన్‌వాడీలోనైనా దక్కాలి కదా!

తల్లుల మాట కూడా వినాలి. "ఆటలాడించేదానికి అంగన్‌వాడీ ఎందుకమ్మా, అక్షరాలు రావాలె, ఇంగ్లీషు రావాలె" అని వాళ్ళంటారు. వాళ్ళను తప్పు పట్టలేం. చదువు లేక తాము పడ్డ అవమానాల్లోంచి వచ్చిన మాట అది. కాని పలక మీద మూడేళ్ళ బిడ్డ చేత "ఎ, బి, సి, డి" దిద్దించే ప్రైవేటు నర్సరీ నిజంగా చదువు చెబుతోందా? ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రాంతాలతో పాటు అస్సాం, రాజస్థాన్‌లలో వేలాది పిల్లలను ఏళ్ళ తరబడి పరిశీలించి, 2017లో వెలువడిన అధ్యయనం కాదనే చెప్పింది. ప్రైవేటు నర్సరీలు ఎక్కువగా ఒకటో తరగతి పాఠాలనే కిందికి దించి చెబుతున్నాయని, అయిదేళ్ళు నిండేసరికి కూడా పిల్లలు బడికి కావలసినంత సిద్ధంగా ఉండడం లేదని తేల్చింది. ఈ మాట తల్లులకు ఉపన్యాసంగా చెబితే ఎక్కదు. కేంద్రానికి పిలిచి, వాళ్ళ బిడ్డ గింజల్ని ఏ లెక్కన వేరు చేసిందో వాళ్ళ ముందే చెప్పించాలి. తన బిడ్డ కారణం చెప్పడం చూసిన తల్లి అది చదువు కాదనదు.

టీచర్లనే దోషులుగా నిలబెట్టడం కూడా న్యాయం కాదు. 1975లో ఈ పథకం మొదలైనప్పుడు మెట్రిక్ చదివిన కార్యకర్తకు నెలకు 150 రూపాయలు, చదవని వారికి 100 రూపాయలు ఇచ్చి దాన్ని గౌరవ వేతనం అన్నారు. స్త్రీలు పిల్లల్ని చూసుకోవడం శ్రమ కాదు, సేవ అన్న పితృస్వామిక భావనే దీని వెనకుంది. ఈనాడు ఆమె తూకాలు చూడాలి, సర్వేలు చేయాలి, సరుకుల లెక్క రాయాలి, ఫోనులో వివరాలు ఎక్కించాలి. ఇక ఆడించేదెప్పుడు? 2023 సెప్టెంబరులో తెలంగాణ అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు సమ్మెకు దిగింది ఊరికే కాదు. సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్ 25న వీళ్ళకు గ్రాట్యుటీ హక్కు ఉందని తీర్పు చెబుతూ, పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య నేర్పడం విద్యా కార్యక్రమమేనని గుర్తించింది. ఆమె చేసేది విద్యాబోధన అయితే అందుకు తగిన వేతనం, శిక్షణ, సమయం ఆమెకు దక్కాలి. పిల్లల ఆట హక్కు, టీచరు శ్రమ హక్కు వేరువేరు కావు. ఒకటి అడగకుండా రెండోది సాధించలేం.

చట్టం కూడా మన వైపే ఉంది. పిల్లల హక్కుల ఒడంబడికలోని 31వ అధికరణం ఆటను హక్కుగా చెప్పింది. మన దేశం 1992 డిసెంబరులో దాన్ని ఒప్పుకుంది. 2002 సవరణ తర్వాత రాజ్యాంగం 45వ అధికరణం ఆరేళ్ళ లోపు పిల్లల సంరక్షణ, విద్య బాధ్యతను రాజ్యం మీద పెట్టింది. అయితే పాలమూరు వలస కూలీల బిడ్డల మాటేమిటి? నెలల తరబడి వాళ్ళు ఏ పట్నంలోనో కట్టుబడి స్థలంలో ఇసుక కుప్పల పక్కన పెరుగుతారు. 1969లోనే మీరా మహాదేవన్ ఢిల్లీలో కట్టుబడి పనుల దగ్గర మొబైల్ క్రెష్‌లు మొదలుపెట్టారు. యాభై మందికి మించి స్త్రీలు పనిచేసే చోట ఆరేళ్ళ లోపు పిల్లలకు గది ఉండాలని 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టమే చెప్పింది. ఆ గది ఎక్కడుందని గుత్తేదారును అడగవలసిందీ మనమే.

అందుకే నా సూచనలు కొన్ని. కేంద్రంలో రోజుకు రెండు గంటలు ఆటలకే కేటాయించాలి, ఆ వేళలో టీచరుకు సర్వేలు, మీటింగులు, ఫోను పనులు పెట్టరాదని అధికారులను అడగాలి. మన సంఘం సభ్యులు కేంద్రానికి వెళ్ళినప్పుడు గుడ్లతో పాటు ఆటల సంగతి కూడా అడగాలి, బీరువా తాళం తీయించాలి. వంట ఆటలో మగపిల్లల్ని, బండి తోలే ఆటలో ఆడపిల్లల్ని చేర్చమని చెప్పాలి. కథలు, పొడుపు కథలు తెలిసిన ఊరి అవ్వల్ని కేంద్రానికి పిలవాలి. తండాల్లో ఆ భాష వచ్చిన స్త్రీలనే టీచర్లుగా తీసుకోవాలని పట్టుబట్టాలి.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న స్త్రీలు తమ కూలి డబ్బులు ఎక్కడికి పోతున్నాయని ప్రశ్న వేసుకున్నారు. ఆ ప్రశ్నే సారా వ్యతిరేక ఉద్యమంగా రాష్ట్రమంతా పాకింది. వాళ్ళు ఆ ప్రశ్న వేసేసరికి సగం వయసు గడిచిపోయింది. మన ఆడపిల్లలకు అంతకాలం ఎందుకు పట్టాలి? "ఎందుకు" అని అడగడం నాలుగేళ్ళకే అలవాటైన పిల్ల నోరు రేపు మూయించడం అంత తేలిక కాదు. ఈ విషయం మీద పాఠకులు తమ ఊళ్ళ అనుభవాలు రాస్తే చర్చ ముందుకు సాగుతుంది.