హచ్ కుక్కను కొని ఎండల కట్టేసే అన్నలకు

ఈసారి వడ్ల రేటు ముచ్చట కాదు, కుక్క ముచ్చట. నవ్వేటోళ్లు నవ్వండి, కానీ ఆఖరుదాకా చదవండి.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టూ ఊర్లల్ల ఇప్పుడు పగ్గు కుక్కలు బాగనే కనిపిస్తున్నయి. 2003ల హచ్ ఫోన్ యాడ్‌ల పిల్లగాని వెంట తిరిగింది ఈ కుక్కే. ఆ కంపెనీ పేరు ఎన్నడో పోయింది, మనోళ్లకు మాత్రం ఇది ఇప్పటికీ హచ్ కుక్కనే.

మా బామ్మర్ది కూడా ఒకటి కొన్నడు. "ఎక్కడైనా బతుకుతది, అన్నం పెడితే చాలు" అని అమ్మినాయన చెప్పిండట. పోయిన యాసంగి వడ్లు మిర్యాలగూడ మిల్లుకు తోలేటప్పుడు దాన్ని కూడా ట్రాక్టర్ ఎక్కించిండు. మిల్లు ముందు పొడుగు లైను. మే నెల, మిట్టమధ్యాహ్నం. ట్రాలీ కింద నీడ ఉంది కదా అని అక్కడ్నే కట్టేసినం. కింద తారు రోడ్డు సెగ కక్కుతున్నది. గుర్రుగుర్రుమంటుంటే నిద్రపోయిందనుకున్నం. చూసేసరికి నాలుక నీలంగ అయింది. నేనే ఉరికి నోరు తెరిచి నీళ్లు పోసిన. అది ఇంకా తప్పు. ఊపిరాడని జీవి గొంతుల నీళ్లు పోస్తే ఊపిరితిత్తులల్లకు పోతయి. కాసేపట్ల సచ్చిపోయింది.

"ఊరకుక్కలు ఎండల తిరుగుతలేవా?" అంటరు. తిరుగుతయి. వాటికి పొడుగు మూతి ఉంది. కుక్కకు మనలెక్క ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పితేనే, మూతిలోపలి తడి మీంచి గాలి పోయి ఒళ్లు చల్లబడుతది. పగ్గుకు, బుల్‌డాగ్‌కు ఆ మూతినే మనుషులు ముద్దుకోసం తరతరాలుగ కురచ చేసిండ్రు. ముక్కు రంధ్రాలు సన్నం, గొంతుల కండ ఎక్కువ. ఆ గురక ముద్దు కాదు, ఊపిరికోసం తిప్పలు. మే నెలల బ్రాయిలర్ షెడ్డుల కోళ్లు నోరు తెరిచి రొప్పుతుంటే మనం ఫాగర్లు పెడ్తం. బర్రెను చెరువుల దింపుతం. వేలకు వేలు పెట్టి కొన్న కుక్కను మాత్రం రేకుల షెడ్డు కింద కట్టేస్తం!

నెదర్లాండ్స్‌ల 2019 నుంచి మూతి మరీ కురచగ ఉన్న కుక్కలకు పిల్లలు తీయనిస్తలేరు. మన దగ్గర కూడా 2017 రూల్స్ ప్రకారం కుక్కపిల్లలు అమ్మేటోళ్లకు రిజిస్ట్రేషన్ ఉండాలె, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మొద్దు. కొనేటప్పుడు ఆ కాయితం అడిగినోడు మనల ఒక్కడన్న ఉన్నడా?

ఇప్పటికే ఇంట్ల ఉంటే ఇడిసిపెట్టకండి, అది ఇంకా పాపం. పొద్దు పొడవకముందే తిప్పుండ్రి. పగలు ఇంట్ల ఫ్యాన్ కింద ఉంచుండ్రి. మెడకు బెల్టు వద్దు, ఛాతీకి వేసేది తేండి. ఒళ్లు పెరగనియ్యొద్దు, కొవ్వు పెరిగితే ఊపిరి ఇంకా బిగుస్తది. మొకం మీది ముడతలు రోజూ తుడిచి ఆరబెట్టాలె. గుడ్లు బయటికుంటయి కాబట్టి వడ్లు తూర్పారపట్టే కాడికి తేవద్దు, ఊక దుమ్ము పడితే పుండ్లవుతయి. ఎండదెబ్బ తగిలితే ముందు ఒంటిమీద మామూలు నీళ్లు పోసి గాలి తగలనియ్యండి. తడి గోనెసంచి కప్పి వదలకండి, లోపలి వేడి బయటికి పోదు. ఇంక ఆలస్యం చేయకుండ పశువుల డాక్టర్ కాడికి తీసుకపోండి.

మా బామ్మర్ది కొడుకు మళ్లీ అదే కుక్క కావాలని ఏడుస్తున్నడు. మా కల్లం కాడ ఊరకుక్క ఈనింది, నాలుగు పిల్లలున్నయి. ఆదివారం వచ్చి ఒకటి తీసుకపొమ్మని చెప్పిన.