ఈత కూడా టీకా వంటిదే: నంద్యాల, ఆళ్ళగడ్డలకు ప్రజల ఈత కొలను ఎందుకు కావాలి?



పిల్లలకు సెలవులంటే పండుగ. ప్రభుత్వ వైద్యుడిగా ఉద్యోగం చేసినన్నాళ్ళూ నాకు మాత్రం సెలవులంటే గుబులు. దసరా సెలవుల నాటికి మన ప్రాంతపు కాలువలు నిండుగా పారుతుంటాయి. వేసవి నాటికి కాలువలు ఎండినా, రాతి గనుల గుంతల్లోనూ కుంటల్లోనూ నీళ్ళు నిలిచి ఉంటాయి. ఆ రోజుల్లోనే పోలీసులు పంచనామా కాగితాలతో ఆసుపత్రికి వచ్చేవారు. వారి వెనుక దుప్పటి కప్పిన చిన్న దేహం వచ్చేది.

ఒకసారి పదకొండేళ్ళ బాలుడి శవపరీక్ష ముగించి బయటికి వచ్చాను. గోడవారగా కూర్చున్న తల్లి ఏడుపు మాని ఒక్క మాట అన్నది: "వానికి ఈత రాదని నాకు తెలుసు సార్. ఎవురు నేర్పిస్తారో మాత్రం తెలీదు."

నా దగ్గర సమాధానం లేదు. నివేదికలో మరణకారణం అన్న గడిలో 'నీట మునుగుటచే ఊపిరాడక' అని రాశాను. వైద్యశాస్త్రరీత్యా అది నిజమే. ఆ తల్లి చెప్పిన కారణం రాయడానికి మాత్రం ఆ కాగితంలో గడి లేదు.

నంద్యాల, ఆళ్ళగడ్డలలో ప్రజల కోసం ఈత కొలను, వ్యాయామ కేంద్రం కావాలని నేను అన్నప్పుడల్లా కొందరు పెద్దమనుషులు నవ్వుతారు. "రోడ్లే సరిగా లేవు, ఈత కొలను విలాసం కాదా?" అంటారు. విలాసం అన్న ఆ మాట తప్పని చెప్పడానికే ఈ వ్యాసం.

వ్యాధి ఎంతటిది?

జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో నీట మునిగి చనిపోయినవారు 38,503 మంది. అంటే రోజుకు నూరుమందికి పైనే. ఇంతమందిని ఒక జ్వరం బలిగొంటే ఊరూరా వైద్య శిబిరాలు వెలిసేవి. ఐక్యరాజ్యసమితి 2021లో జూలై 25ను నీటిమునక నివారణ దినంగా ప్రకటించింది. మన కేంద్ర ఆరోగ్యశాఖ కూడా 2023లో నివారణకు ఒక కార్యాచరణ చట్రాన్ని ప్రకటించింది. పాఠశాల వయసు పిల్లలకు ఈత, నీటి భద్రత నేర్పడం ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే ప్రధాన నివారణ చర్యలలో ఒకటి.

ఇది ఫలిస్తుందా అని అడిగేవారు బంగ్లాదేశ్ వైపు చూడాలి. అక్కడ పల్లె చెరువులలోనే వెదురు వేదికలు కట్టి, వాటి మధ్య 4 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు ఈత నేర్పారు. 25 మీటర్లు ఈదడం, అర నిమిషం నీటిపై తేలడం, ఒడ్డున ఉండే మునుగుతున్నవారికి సాయపడడం నేర్చుకుంటే శిక్షణ పూర్తయినట్టు. అలా నేర్చిన పిల్లలలో మునిగి చనిపోవడం తొంభై శాతానికి పైగా తగ్గిందని అక్కడి పరిశోధకులు 2012లో ప్రకటించారు. ఏ టీకాకైనా ఇది గర్వించదగ్గ ఫలితమే.

ఒక హద్దు కూడా చెప్పాలి. నాలుగేళ్ళ లోపు పసివారిని ఈత కాపాడదు. వారికి పెద్దల కన్ను, అంగన్‌వాడీ, బావికీ తొట్టికీ మూత, గుంతకు కంచె కావాలి. కొలను బడి పిల్లల కోసం.

"మేమంతా బావుల్లో నేర్చుకోలేదా?"

నిజమే, నేనూ అలాగే నేర్చుకున్నాను. నడుముకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి మా పెదనాయన నన్ను దిగుడుబావిలో దింపేవాడు. మెట్ల మీద నలుగురు పెద్దలు కూర్చునేవారు. ఆనాటి ఊరికి బావే ఈత బడి, పెదనాయనే గురువు.

బోర్లు వచ్చాయి, బావులు ఎండాయి, కొన్నింటిని పూడ్చారు. నేర్పే చోటు పోయింది, ముంచే చోట్లు మాత్రం పెరిగాయి. సుంకేసుల నుంచి వచ్చే కె.సి. కాలువ 19వ శతాబ్దం నాటిది. వెలుగోడు నుంచి ఆళ్ళగడ్డ ప్రాంతం మీదుగా తెలుగుగంగ పోతున్నది. చెన్నపట్నం దాహం తీర్చడానికి 1983లో కుదిరిన ఒప్పందపు కాలువ అది. సిమెంటు లైనింగు వేసిన కాలువ గట్టు ఏటవాలుగా, పాచి పట్టి, సబ్బు పూసిన బండలా ఉంటుంది. మట్టిగట్టులాగా పట్టుకోవడానికి వేరు గాని, గడ్డి గాని దొరకవు. ఈత వచ్చినవాడే అక్కడ పైకెక్కలేడు. తాత నేర్చుకున్న బావిని పూడ్చి, మనవడిని ఆ కాలువ ఒడ్డున వదిలి, "మా కాలంలో" అనడం న్యాయం కాదు.

"మహానంది కోనేరు ఉన్నది కదా?"

కోనేరు పుణ్యస్నానానికి. యాత్రికుల మధ్య వరుసగా బడి పిల్లలను దింపి పాఠం చెప్పలేము, చెప్పకూడదు కూడా. కానీ కోనేరు ఒక పాఠం నేర్పుతుంది. సుమారు 5 అడుగుల లోతు నీటిలో అడుగు స్పష్టంగా కనిపించడానికి కారణం, ఊట నిరంతరం లోపలికి వచ్చి, అంతే నీరు వెలుపలి గుండాలకు పారిపోవడం. ఊట లేని చోట ఆ పని పంపు, ఫిల్టరు చేయాలి. కొలనులోని నీరంతా ఆరు గంటలకొకసారి ఫిల్టరు గుండా తిరిగి రావాలి.

కేరళలో 2024, 2025 సంవత్సరాలలో మెదడును తినే అమీబా వార్తలు చదివి చాలామంది భయపడ్డారు. ఆ క్రిమి వెచ్చని, శుద్ధి చేయని నీటిలో బతికి, ముక్కు ద్వారా లోపలికి పోతుంది. లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాముల క్లోరిన్, 7.2 నుంచి 7.8 మధ్య పీహెచ్ నిత్యం ఉండేలా చూసిన కొలనులో అది నిలవలేదు. కుంటలో ఈ రక్షణ ఎవరూ ఇవ్వరు. కనుక అమీబా భయం కొలనుకు వ్యతిరేకమైన వాదం కాదు, నీటి పరీక్షల పుస్తకం రోజూ ప్రజలకు కనిపించేలా పెట్టాలనే వాదం.

"నీళ్ళు లేని సీమలో కొలనా?"

లెక్క వేద్దాం. 25 మీటర్ల పొడవు, 12.5 మీటర్ల వెడల్పు, సగటున 1.2 మీటర్ల లోతు ఉన్న కొలనుకు 3 లక్షల 75 వేల లీటర్లు పడతాయి. ఎకరా వరికి ఒక పంటకాలంలో సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు, అంటే 48 లక్షల లీటర్లు కావాలి. కాబట్టి కొలను నింపే నీరు ఎనిమిది సెంట్ల వరి మడికి పట్టే నీరు. సోనామసూరికి పేరుపొందిన నంద్యాలలో ఎనిమిది సెంట్ల నీరు పిల్లలకు ఇవ్వలేమా? మండు వేసవిలో రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరైపోతుందనుకున్నా, తరుగు 2,500 లీటర్లు, అనగా అర ట్యాంకరు. ఫిల్టరు కడగడానికి మరికొంత కావాలి. ఆ కడిగిన నీటిని క్లోరిన్ తగ్గేదాకా నిలవ ఉంచి, ఉద్యానవనంలో చెట్లకు పారించవచ్చు.

ఆళ్ళగడ్డకు అంత కూడా అక్కరలేదు. 12.5 మీటర్లు, 6 మీటర్లు, 90 సెంటీమీటర్ల లోతు గల శిక్షణ కొలను చాలు. దానికి 67,500 లీటర్లు, అంటే పద్నాలుగు ట్యాంకర్ల లోపే. ఇరవై మంది చొప్పున రోజుకు ఆరు జట్లు, జట్టుకు ఇద్దరు శిక్షకులు, నెలకు 20 పాఠాలు అనుకుంటే, పది నెలల్లో 1,200 మంది పిల్లలకు ఈత వస్తుంది. ఏటా అంతమంది!

ఇక్కడే నా రెండవ కోపం. మన నాయకులకు కొలను అనగానే 'ఒలింపిక్ స్థాయి' అన్న మాట నోట వస్తుంది. 50 మీటర్లు, 25 మీటర్లు, 2 మీటర్ల లోతు అయితే 25 లక్షల లీటర్లు. ఆ లోతులో ఈత రాని పిల్లవాడికి కాలు ఆనదు. పతకాల కోసం కట్టే కొలను, ప్రాణాల కోసం కట్టే కొలను ఒకటి కావు. మనకు ముందు కావలసినది లోతు తక్కువ కొలను.

డబ్బు ఎక్కడిది?

విజయవాడ గాంధీనగర్‌లో సర్ విజ్జీ పేరిట పురపాలక ఈత కొలను ఉన్నది. విశాఖ సముద్రతీరంలో నగరపాలక సంస్థ ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్స్ ఉన్నది. ప్రజాధనంతో ఈత కొలను అన్నది మన రాష్ట్రంలో కొత్త ఊహేమీ కాదు. నంద్యాల 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైంది, 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. వైద్యులను తయారు చేసే ఊరు నివారణను మరువరాదు.

నిర్మాణానికి దారులు ఉన్నాయి. పార్లమెంటు సభ్యుడి స్థానిక అభివృద్ధి నిధి ఏటా 5 కోట్లు. కంపెనీల చట్టం, 2013లోని 135వ సెక్షను ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించాలి. నివారణ వైద్యం, క్రీడా శిక్షణ రెండూ ఆ జాబితాలో ఉన్నాయి, స్థానికులకు ప్రాధాన్యమివ్వాలని చట్టమే చెబుతున్నది. మన జిల్లాలో సిమెంటు కర్మాగారాలు తక్కువేమీ కాదు. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల వైపు గని గుంతలకు కంచెలు వేయడానికీ, అక్కడి పిల్లల శిక్షణకూ 2015 నుంచి అమలులో ఉన్న జిల్లా ఖనిజ నిధిని అడగవచ్చు. అది గని ప్రభావిత ప్రాంతాల డబ్బు కనుక ముందు వారికే చెందాలి.

అసలు పరీక్ష కట్టడంలో లేదు, నడపడంలో ఉన్నది. నంద్యాల కొలనుకు రెండు పూటలా ప్రాణరక్షకులు, స్త్రీ పురుష శిక్షకులు, పంపు చూసే మనిషి, పారిశుద్ధ్య కార్మికులు కలిపి పది పన్నెండు మంది కావాలి. వారి జీతం, కరెంటు, క్లోరిన్ పురపాలక బడ్జెట్‌లో ప్రతి ఏటా వేరే పద్దుగా ఉండాలి. ఉదయం, రాత్రి వేళల్లో పెద్దల నుంచి రుసుము తీసుకోవచ్చు. పగలు ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు పైసా లేకుండా నేర్పాలి. రుసుము కట్టగలవారికి ఈత నేర్చుకునే దారులు ఎలాగూ దొరుకుతాయి. పదేళ్ళ నిర్వహణకు డబ్బు ఎక్కడ నుంచి వస్తుందో చూపని ప్రతిపాదనను, శిలాఫలకం వేయకముందే పౌరులుగా మనమే తిరస్కరించాలి. మూతపడి నీళ్ళు నిలిచిన కొలను దోమల పుట్టిల్లు, ఊరి నడుమ మరో క్వారీ గుంత.

ఆడపిల్లలకు వేరే వేళలు, మహిళా శిక్షకులు మొదటి రోజు నుంచే ఉండాలి. పక్కనే ఒక నీడ గల వ్యాయామశాల ఉంటే మధుమేహం, మోకాళ్ళ నొప్పులు ఉన్న నావంటి వృద్ధులకు మేలు. నీటిలో శరీర భారం తగ్గుతుంది కనుక అరిగిన మోకాలు కూడా కదలగలుగుతుంది. మూర్ఛ, గుండెజబ్బు ఉన్నవారు వైద్యుని సలహా తీసుకొని, ఒంటరిగా కాక మరొకరి కనుచూపులోనే నీటిలో దిగాలి.

కొలను వచ్చేదాకా

మునిగే పిల్లవాడు సినిమాలోలాగా కేకలు వేయడు, నిశ్శబ్దంగా మునుగుతాడు. ఈత రానివారు కాపాడడానికి దూకవద్దు. తాడు, చీర, కర్ర, ఖాళీ ప్లాస్టిక్ క్యాను అందించండి. బయటికి తీశాక తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కడం, ఉప్పు రాశిలో పూడ్చడం విలువైన నిమిషాలను చంపుతాయి. ఊపిరి లేకపోతే వెంటనే నోటితో శ్వాస అందించి, ఛాతీ నొక్కడం మొదలుపెట్టి, 108కి ఫోను చేయించండి. నాలుగైదు నిమిషాలు ఊపిరి లేకపోతే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. అంబులెన్సు అంత త్వరగా రాలేదు, పక్కన ఉన్నది మీరే.

ఈసారి ఓటు అడగడానికి వచ్చినవారిని, కొలను ఎప్పుడు కడతారని అడగవద్దు. మా పిల్లలకు ఈత నేర్పే బాధ్యత ఏ కార్యాలయానిది, దానికి ఈ ఏటి పద్దు ఎంత అని అడగండి. ప్రతి బడి పిల్లవాడి ఆరోగ్య కార్డులో టీకాల వరుస కింద 'ఈత వచ్చును' అని ఒక గడి రావాలి. ఆనాడు ఆ తల్లికి నేను చెప్పలేకపోయిన సమాధానం ఆ గడిలో ఉంటుంది.