పాస్టరమ్మ అంటే ఎవరు?

ఆమ్‌స్టర్‌డాంలో సింగెల్ కాలువ ఒడ్డున 452 నంబరు తలుపు ముందు అటూ ఇటూ రెండుసార్లు తిరిగాను. అన్నీ ఇళ్లే. గోపురం లేదు. ఆ ఇళ్ల వెనకే 1608లో కట్టుకున్న మెన్నోనైట్ చర్చి ఉంది. అధికార సంఘానికి చెందనివాళ్లు వీధికి కనపడేలా ప్రార్థనాలయం కట్టుకోకూడదని ఆనాటి కట్టడి. ఊహ తెలిశాక తీసుకున్నదే బాప్తిస్మమనీ, కత్తి పట్టకూడదనీ అన్నందుకు వీళ్ల ముందు తరాల్ని నీళ్లలో ముంచారు, కాల్చారు. దాక్కోవడం వీళ్లకి కొత్త కాదు.

నేను వెళ్లింది సెమినార్‌కి. ఆదివారం ఆ చర్చికి వెళ్లింది మాత్రం నాయనమ్మ కోసం. మాది పాలమూరు. నాయనమ్మ ఎంబీ చర్చిలో, అంటే మెన్నోనైట్ బ్రదరన్ చర్చిలో, బైబిలు స్త్రీ.

లోపల చెక్క బాల్కనీలు. సగం పైగా ఖాళీ కుర్చీలు, ఉన్నవాళ్లలో ఎక్కువమందివి నెరిసిన తలలు. ప్రసంగం చేసింది ఒక స్త్రీ. నాకు డచ్చి రాదు కాబట్టి ఆమె ఏం చెప్పిందన్న దానికంటే ఎక్కడ నిలబడి చెప్పిందన్నదే చూస్తూ కూర్చున్నాను. ఆరాధన అయ్యాక కాఫీ ఇచ్చారు. పక్కనున్న పెద్దావిడని "ఈవిడ పాస్టరు గారి భార్యా?" అని అడగబోయి నాలిక్కరుచుకున్నాను. స్త్రీవాద సాహిత్య విమర్శ మీద డాక్టరేటు తీసుకున్న మనిషిని! మా ఊళ్లో పాస్టరమ్మ అంటే పాస్టరు పెళ్లామే. ఆమెకి పనే గానీ జీతం ఉండదు.

ఈ సంఘం తన హతసాక్షుల కథల్ని 1660లో ఒక పెద్ద గ్రంథంగా అచ్చేసింది. అందులో ఎలిజబెత్ డిర్క్స్ ఉంది. మఠంలో లాటిన్ నేర్చుకుని, అక్కణ్ణించి పారిపోయి ఈ విశ్వాసంలోకి వచ్చిన మనిషి. 1549లో లేవార్డెన్‌లో ఆమెని పట్టుకున్నప్పుడు దొరికింది లాటిన్ కొత్త నిబంధన. బోధకురాలు దొరికిందని పట్టుకున్నవాళ్లు సంబరపడ్డారు. వెంటనే, నీ మొగుడు మెన్నో సైమన్స్ ఎక్కడని అడిగారు. ఆమె మెన్నో భార్య కాదు. చదువుకున్న ఆడది కనిపిస్తే వెనక మొగుడు ఉండి తీరాలని వాళ్ల లెక్క. నువ్వెవరికి బోధించావో పేర్లు చెప్పమని బొటనవేళ్లకి మరలు బిగించారు. ఆమె ఒక్క పేరూ చెప్పలేదు. సంచిలో కట్టి ముంచేశారు.

ఇక్కడే నా తగాదా. ఆమె నేరం బోధించడమని శత్రువులకి తెలుసు. సొంత సంఘానికి మాత్రం ఆమె సాక్షిగా పనికొచ్చింది. చచ్చిన స్త్రీని పుస్తకంలో కూర్చోబెట్టడం సులువు, ఆమె జీతం అడగదు. 1632 నాటి డోర్డ్రెక్ట్ విశ్వాస ప్రమాణం చూడండి. వయసు మళ్లిన విధవరాళ్లని పరిచారికలుగా ఎన్నుకుని, పేదల్నీ రోగుల్నీ చూసి రమ్మంటుంది. తిరగడం ఆడవాళ్లకి, వేదిక మగవాళ్లకి. ఫ్రీజ్‌లాండ్‌లో బోవెన్‌క్నైపె అనే చిన్న ఊరి సంఘం ఆన్ జెర్నికేని పాదిరిగా పెట్టుకున్నది 1911లో. నెదర్లాండ్స్‌లో తొలి స్త్రీ పాదిరి ఆమె. తమ పాదిరిని తామే ఎన్నుకునే హక్కు ఆ సంఘానిది కాబట్టి అది సాధ్యమైంది. ఎలిజబెత్ చనిపోయిన 362 ఏళ్లకి!

ఈ కబురు పాలమూరుకి రాలేదు. వచ్చే దారి వేరు. హింస తప్పించుకుని డచ్చి మెన్నోనైట్లు విస్తులా నది మొగకి, అక్కణ్ణించి 1789లో మొదలుపెట్టి రష్యాకి వెళ్లారు. బ్రదరన్ శాఖ 1860లో అక్కడ పుట్టింది. రష్యా మెన్నోనైట్లు 1889లో నల్లగొండకి వచ్చారు, 1899లో అమెరికా నుంచి ఇంకొందరు. బైబిలు, ఆసుపత్రి, బడి తెచ్చారు. మాల మాదిగ వాడల్లో ఇవి చిన్న విషయాలు కావు, మా నాన్న చదువు అందులోదే. మిషనరీలు రాలేని గడపల్లోకి వెళ్లి, పొయ్యి ముందు, బావి దగ్గర వాక్యం చెప్పింది మాత్రం నాయనమ్మ లాంటి వాళ్లు. దాన్ని ప్రసంగం అనలేదు, "సందర్శన" అన్నారు. నేను పెరిగిన చర్చిలో ఆమె ఒక్కసారైనా వేదిక ఎక్కగా చూడలేదు. అడిగితే పౌలు మాట చూపిస్తారు, లేదా సంప్రదాయం అంటారు. ఏ సంప్రదాయం? ఎలిజబెత్‌ది కాదా?

మన విశ్వవిద్యాలయాలూ తక్కువ తినలేదు. బైబిలు స్త్రీల మీద రాస్తానంటే, వాళ్లు వలసపాలన చేతిలో పనిముట్లు కదా అన్నాడు ఒక పెద్దాయన. మిషనరీకి పనిమనిషి, విమర్శకుడికి పనిముట్టు. ఆమె ఏం చెప్పిందో అడిగినవాళ్లు లేరు. సంఘసంస్కర్తల ఇళ్లలో ఆడవాళ్ల ఉత్తరాలు వెతుక్కుంటూ తిరిగిన మనమూ ఆ వాడ వైపు రాలేదు.

తిరిగొచ్చాక మా చర్చి వాళ్లు సావనీరు వేస్తున్నాం, పాత సేవకురాళ్ల ఫోటోలు పంపమన్నారు. నాయనమ్మ ఫోటో పంపి కింద "బోధకురాలు" అని రాశాను. రెండ్రోజులకి ఫోనొచ్చింది.

"తాతగారి పేరు రాయలేదేంటమ్మా?"

తాత మంచివాడు. ఎడ్లు కాశాడు, నాయనమ్మ ఊళ్లు తిరిగొచ్చేసరికి అన్నం వండి పెట్టాడు. బోధించలేదు. ఆ ముక్కే చెప్పాను. చూస్తామన్నారు.